దొరసాని హుకుం

నాపోలి,
14 సెప్టెంబరు 1976

కోడలు ఎల్దాకి,

ఇక్కడ నేను బాగాలేను. నువ్వు అక్కడ బాగానే ఉండి ఉంటావు.

నేను చదివింది మూడో తరగతి. తప్పులుంటాయి, నవ్వుకో. అసలు రాయకుండా ఉండేదాన్నే, కానీ శ్మశానం ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. నవంబరుకి అనియెల్లోని మట్టిలో పెట్టి రెండేళ్ళు. ఇక వాణ్ని పైకి తియ్యాలి. దానికి తల్లి సంతకం చాలదట, పెళ్ళాం సంతకం కావాలట. "కన్నది నేను కదయ్యా" అన్నాను ఆ గుమాస్తాతో. "కన్నందుకు ఈ కాగితంలో గడి లేదమ్మా, భార్యకుంది" అన్నాడు, వేలు పెట్టి చూపించి మరీ.

నువ్వు నాలుగేళ్ళు మా సందులో ఉన్నా నీకీ సంగతి తెలీదు. మీ టొరినోలో మనిషిని పాతిపెట్టి, పైన రాయి వేసి, చేతులు దులుపుకుని ఇంటికి పోతారు. మేం అట్లా వదిలెయ్యం. మట్టిలో ఉన్నన్నాళ్ళూ వాడు ఇంకా చస్తూనే ఉన్నట్టు. మట్టి తన వాటా తాను తీసుకున్నాక ఎముకలు పైకి తీసి, స్పిరిటుతో తుడిచి, పేరు కుట్టిన తెల్ల దుప్పటిలో చుట్టి, గోడ గూట్లో వాళ్ళ నాన్న పక్కన పెడతాం. అప్పటికి వాడి చావు పూర్తవుతుంది. నాకూ అప్పటికే నిద్ర. కన్ననాడు ఒకసారి, మళ్ళీ ఆనాడు ఒకసారి వాణ్ని పూర్తిగా నా చేతుల్లోకి ఇస్తారు.

సంతకం పెట్టి పంపించు. నీ దగ్గర్నుంచి నాకు ఇంకేం అక్కర్లేదు. తేదీ తరవాత చెబుతారట.

చేతి తొడుగులు కుడుతూనే ఉన్నాను. వేళ్ళ సందులు కుట్టేటప్పుడు కళ్ళు ఆనట్లేదు. రొట్టె కోసం నాలుగో అంతస్తు కిటికీలోంచి సందులోకి వదిలే బుట్ట తాడుకి మూడు ముళ్ళు పడ్డాయి, ముడి గిలకలో ఇరుక్కుంటే రొట్టె మూడో అంతస్తు దగ్గర ఆగిపోతుంది. మూడో అంతస్తు తితీనా ఊరికే ఉంటుందా, వేడి రొట్టె చివర తుంచుకుని గాని పైకి తొయ్యదు.

పిల్లకి నా పేరు పెట్టి, ఇప్పుడు సగం కోసి మేనా అని పిలుస్తున్నావట. ఆ మిగతా సగం ఏం చేశావు?

అనియెల్లో తల్లి,
ఫిలుమేనా

*

టొరినో,
23 సెప్టెంబరు 1976

అత్తయ్య గారికి నమస్కారాలు.

కాగితం మీద సంతకం పెట్టి ఇందులోనే ఉంచాను. మీ చేతిరాత చూసి రెండేళ్ళయింది. కవరు మీద రాత చూడగానే మీదని గుర్తుపట్టాను.

ఒక్కటి అడుగుతాను. ఆ రోజు నన్ను కూడా రానివ్వండి. పక్కన నిలబడతాను, అంతే. మీకు అడ్డం రాను. అప్పుడు అంత్యక్రియలయిన మూడో వారానికే పిల్లని తీసుకుని వచ్చేశానని మీకు కోపం. మీరు నాతో మాట్లాడడం మానేశారు, సందులో ఎవరూ మాట్లాడలేదు, ఉండలేక వచ్చేశాను. అనియెల్లోకి మాత్రం నేను చెప్పి రాలేదు. ఇప్పుడైనా వాడి దగ్గర నిలబడి ఆ మాట చెప్పుకోవాలి.

ఆ దుప్పటి నేను కుట్టవచ్చా? మా అమ్మ నాకిచ్చిన దుప్పట్లలో ఒకటి ఇంకా మడత విప్పకుండా ఉంది.

మీరు ఒప్పుకుంటే దారి కూడా రాయండి. మీ ఊళ్ళో నేను ఒంటరిగా ఎక్కడికీ వెళ్ళలేదు, ఎటు వెళ్ళినా అనియెల్లో స్కూటరు మీదే.

మేనా బాగుంది. పొద్దస్తమానం తాడు గెంతుతుంది, కింది ఇంటివాళ్ళు కప్పు పడుతుందని గోల. ఆస్పత్రి వాళ్ళు ఇచ్చిన అనియెల్లో సంచిలో కొత్త తాడొకటి ఉంటే అందులోంచి ముక్క కోసి ఇచ్చాను.

మీ కోడలు,
ఎల్దా

*

నాపోలి,
5 అక్టోబరు 1976

ఎల్దాకి,

సంతకం అందింది. నా కొడుకు సామాను ముక్కలు కోసి పిల్లకి ఆటవస్తువు చేశావని కూడా తెలిసింది. స్కూటరు మీద మూటలు కట్టుకునే తాడు వాడిది. నీకు ముక్కే కదా.

రా. పక్కన నిలబడతానంటే నేనెవర్ని కాదనడానికి, గడి నీకుంది కదా. తేదీ చెప్పారు: నవంబరు పదకొండు, గురువారం, ఉదయం పది గంటలకి. దుప్పటి కుట్టు. బాగా కుట్టు.

నాలుగేళ్ళు వాడి వెనక కూచుని తిరిగావు. ఈ ఊరు నీకు వాడి వీపు దాకానే తెలుసు. అందుకని ఒక్కొక్కటీ చెప్తాను, చదివి మడిచి దగ్గర పెట్టుకో.

రైలు దిగి బయటికి రాగానే నీ పెట్టె పట్టుకోడానికి ముగ్గురు వస్తారు. అక్కర్లేదు అనకు. అక్కర్లేదన్నావంటే మాట కలిపినట్టే. గడ్డం పైకెత్తి నాలుకతో ఒక చప్పుడు చెయ్, లేదు అని. మీవాళ్ళలాగా తల అడ్డంగా ఊపితే, పాపం ఆలోచిస్తోంది అనుకుని వెంటబడతారు. ఉంగరం రాయి లోపలికి తిప్పుకో. సంచి గోడ వైపు భుజానికి తగిలించుకో. దారి తెలిసినదానిలా నడు, తెలీకపోయినా.

రోడ్డు దాటేటప్పుడు బండ్లు ఆగుతాయని నిలబడితే సాయంత్రం దాకా నిలబడతావు. దిగి నడు. నడిపేవాడి కళ్ళలోకి చూస్తూ ఒకే నడక నడు. వాడు నీ నడక కొలుచుకుని పక్కనించి పోతాడు. భయపడి మధ్యలో ఆగావో, వాడి కొలత తప్పుతుంది, తప్పు నీదవుతుంది.

కొండమీదికి పోయే బస్సుకి బోర్డు చూడకు, బోర్డు అబద్ధం చెప్తుంది. ముసలివాళ్ళు చేమంతులు పట్టుకుని ఎక్కడ నిలబడి ఉంటే అక్కడ నిలబడు, వాళ్ళు ఎక్కింది ఎక్కు. బస్సు ఎప్పుడొస్తుందని అడిగితే ఇప్పుడే వస్తుందంటారు. అది వేళ చెప్పడం కాదు, ఓదార్చడం. ఒంటిగంటన్నర నుంచి నాలుగున్నర దాకా కొట్లన్నీ మూసేస్తారు, పువ్వులు ముందే కొనుక్కో.

కాఫీ తాగాలనిపిస్తే ముందు గల్లా దగ్గర డబ్బిచ్చి చీటీ తీసుకుని బల్ల మీద పెట్టు. కాఫీతో మంచినీళ్ళు పెడతాడు. నీళ్ళు ముందు తాగాలి, కాఫీ తరవాత. కాఫీ అయ్యాక నీళ్ళు తాగావంటే నీ కాఫీ నోట్లోంచి కడుక్కోవాల్సినట్టుందిరా అని వాడి మొహాన చెప్పినట్టు. కూచోకు, నిలబడి మూడు గుక్కల్లో తాగి వచ్చెయ్. పాలు మాత్రం అడగకు. మధ్యాహ్నం దాటాక పాల కాఫీ అడిగేది జబ్బు మనుషులూ నువ్వూ.

ఆ పాల సంగతి నేను మర్చిపోయాననుకోకు. సందు మొగలో కాఫీ బార్ నడిపే కార్మినే నాకు అంతా చెప్పాడు. అనియెల్లో పోయిన ఆ బుధవారం సాయంత్రం వాన పడుతుంటే వాడు నిలబడి కాఫీ తాగాడట. "వాన తగ్గాక పోరా" అన్నాడట కార్మినే. "దొరసాని హుకుం అయింది, వాన కోసం ఆగితే ఊరుకుంటుందా" అని నవ్వి స్కూటరు తీశాడట. దొరసాని అంటే ఈ సందులో ఒక్కతే. ఆ పేరు నీకు పెట్టింది నేనే. సాయంత్రం కాగానే నీకు పాల కాఫీ పడాలి, ఇంట్లో పాలు అయిపోయి ఉంటాయి. ఒక గిన్నెడు పాలకి నా కొడుకు.

పదకొండో తేదీ, గురువారం. మర్చిపోకు.

అనియెల్లో తల్లి,
ఫిలుమేనా

*

టొరినో,
16 అక్టోబరు 1976

అత్తయ్య గారికి,

రానిచ్చినందుకు మీకు ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలీదు. మీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. కాఫీకి ముందు నీళ్ళు తాగాలని నాలుగేళ్ళలో నాకెవరూ చెప్పలేదు. కార్మినే నన్ను చూడగానే మొహం ఎందుకు తిప్పుకునేవాడో ఇప్పుడు తెలిసింది.

టైపు చేసే ఆఫీసులో సెలవు అడిగాను. టికెట్టు కొన్నాను.

దుప్పటి మొదలుపెట్టాను. పూర్తి పేరు కుడుతున్నాను. మీ చేతి పని చూసినదాన్ని, నా కుట్టు మీకు నవ్వు తెప్పిస్తుంది. రెండుసార్లు సూది గుచ్చుకుని చుక్క రక్తం పడింది, చన్నీళ్ళతో ఉతికి మళ్ళీ కుట్టాను. దారం నీలమా, తెలుపా? మేనాని తీసుకురానా? మీరు చూస్తారని.

పాల గురించి మీరు రాసింది చదివాను. మీరు అనుకున్నట్టే ఉండనివ్వండి, అత్తయ్యా. నేనేమీ అనను.

మీ కోడలు,
ఎల్దా

*

నాపోలి,
27 అక్టోబరు 1976

ఎల్దాకి,

తెలుపు మీద తెలుపు. పోయినవాళ్ళకి రంగులెందుకు. ప్రతి అక్షరం వెనక ముడి కనపడకుండా దించు, వాడి ఎముకలకి తగిలేది అదే. రక్తం పడ్డ చోట ఉప్పుతో రుద్దు. పిల్లని తేకు, అది పిల్లలు చూసేది కాదు.

ఏమీ అనను అన్నావు. అనడానికి నీకేముంది గనక.

తితీనా నన్ను రోజూ విసిగిస్తోంది. మొన్న కల్లో అనియెల్లో వచ్చాడని నోరు జారాను. అప్పట్నించీ కలకి నంబరు కట్టే లాటరీ గోల. "మాట్లాడాడా, మాట్లాడలేదా, అది చెప్పు ఫిలుమేనా. మాట్లాడని శవం నలభై ఏడు, మాట్లాడే శవం నలభై ఎనిమిది. ఊరికే నించున్నాడంటే ఏ నంబరు మీద కట్టను?" అంటుంది. "నా కొడుకు శవం కాదే" అన్నాను. "మరి లాటరీ పుస్తకంలో కొడుక్కి వేరే నంబరుంది, దాని మీద కూడా కట్టనా" అంది. కట్టింది కూడా. తగల్లేదు. తగలనందుకు నా మీద అలిగింది, నేను సరిగ్గా కల కనలేదట.

శ్మశానంలో పస్కాలేని అడుగు. తవ్వేది అతనే, పెద్ద మీసాలు. ఒక సిగరెట్టు పెట్టె పట్టుకెళ్ళు, చేతికి ఇవ్వకు, గోడ మీద పెట్టి మర్చిపోయినట్టు ఉండు. చేతికిస్తే అవమానపడతాడు. పువ్వులు బేసి లెక్కన కొను. రైలు దిగి తిన్నగా అక్కడికే వెళ్ళు, ఇంటికి రాకు, నేను ముందే వెళ్ళి ఉంటాను.

గురువారం పది గంటలకి.

ఫిలుమేనా

*

టొరినో,
14 నవంబరు 1976

అత్తయ్యా,

మీరు చెప్పినట్టే చేశాను. స్టేషను బయట గడ్డం పైకెత్తి చప్పుడు చేస్తే ముగ్గురూ పక్కకి తప్పుకున్నారు. రోడ్డు మధ్యలో ఆగలేదు. నీళ్ళు తాగి కాఫీ తాగాను. చేమంతులు పట్టుకున్న ఇద్దరు ముసలమ్మల వెనక నిలబడి బస్సెక్కాను. తొమ్మిదిన్నరకల్లా కొండమీద ఉన్నాను. పదయింది, పదిన్నరయింది. మీరు లేరు.

పస్కాలే వచ్చి ఎవరమ్మా అన్నాడు. అనియెల్లో భార్యనన్నాను.

"మంగళవారమే తీశాం కదమ్మా" అన్నాడు.

"అయిపోయిందా?"

గడ్డం పైకెత్తి నాలుకతో చప్పుడు చేశాడు. "కాలేదు. ఆరలేదు. ఆ వైపు మట్టికి నీళ్ళు దిగవు, నిరుడు వానలకి చెరువయింది. పెట్టె తెరిచి, మళ్ళీ మూసి, మళ్ళీ దించేశాం. ఇంకో పద్దెనిమిది నెలలు."

"అత్తయ్య చూశారా?"

"చూడొద్దమ్మా, పక్కకి పో అని రెండుసార్లు చెప్పాను. నేను కాకపోతే ఎవరు చూస్తారని నిలబడింది. ఒక్కతే. ముప్పయ్యేళ్ళుగా తవ్వుతున్నాను, అట్లా నిలబడ్డవాళ్ళని చూళ్ళేదు. నువ్వు లేకపోవడమే మంచిదయింది. చిన్నదానివి."

అప్పుడు నాకు అర్థమైంది. ఆ వైపు మట్టి సంగతి మీకు ముందే తెలిసి ఉంటుంది. అందుకే నాకు రెండు రోజుల తరవాతి తేదీ రాశారు. అది నా కళ్ళ పడకూడదని, మీరొక్కరే మోశారు. రెండేళ్ళుగా మీరు నన్ను ద్వేషిస్తున్నారనుకున్నాను. అక్కడే మట్టి మీద కూచుని ఏడ్చాను, వాడి కోసం కాదు, మీ కోసం.

తరవాత సందులోకి వచ్చాను. కింద నిలబడి పిలిచాను. మీ కిటికీ తెర కదిలింది, తలుపు తెరుచుకోలేదు. తితీనా వంగి చూసి, "మూడు రోజులుగా గోడకేసి తిరిగి పడుకుంది, లేవదు. నువ్వెళ్ళమ్మా, రైలు తప్పిపోతుంది" అంది. బుట్ట కిందికి వేలాడుతోంది. దుప్పటి అందులో పెట్టి, వాడు లాగినట్టే తాడు రెండుసార్లు లాగాను. చాలాసేపు చూశాను. పైకి పోలేదు.

ఈసారి ఇద్దరం నిలబడదాం. మిమ్మల్ని ఒంటరిగా నిలబడనివ్వను, అమ్మా.

ఎల్దా

*

నాపోలి,
29 నవంబరు 1976

ఎల్దాకి,

నన్ను మంచిదాన్ని చెయ్యకు. అమ్మా అని పిలవకు.

మట్టి సంగతి నాకు తెలీదు. నాకేమీ తెలీదు. తొమ్మిదో తేదీ మంగళవారం అని తరవాత వచ్చిన కాగితంలో అచ్చేసి ఉంది, నీకు పదకొండు అని రాశాను. ఎందుకంటే నువ్వు రావాలి, నెలరోజులు వేళ్ళు పొడుచుకుని కుట్టిన దుప్పటి చేతుల్లో పట్టుకుని, మూసేసిన గూడు ముందు నిలబడాలి. లోపల నా దుప్పటిలో వాడుండాలి, బయట నువ్వుండాలి. నువ్వు నా మనవరాలిని రైలెక్కించుకుపోయినట్టే ఆ దుప్పటిని మళ్ళీ రైలెక్కించుకుని పోవాలి. తొడుగులు కుట్టేటప్పుడు దారం ఎక్కించిన ప్రతిసారీ అదే అనుకున్నాను. దారి మాత్రం అంతా నిజమే రాశాను, కాఫీ నిజం, బస్సు నిజం, ఎక్కడా నువ్వు తప్పిపోకూడదని. తప్పిపోతే నువ్వు ఆ గోడ దాకా రావు కదా.

ఇప్పుడు మంగళవారం సంగతి విను. నీకు దయగా దాచానన్నావుగా, దాచను.

పస్కాలే మూత తీసి, "ఆరలేదమ్మా" అన్నాడు, తాడు మీద వేసిన బట్టని చూసి అన్నట్టు. నేను నమ్మలేదు. దుప్పటి చంకలో పెట్టుకుని, స్పిరిటు సీసా చేతిలో పట్టుకుని వంగాను. నువ్వు అల్లిన నీలం స్వెట్టరు ఒక్క పోగు చెడలేదు. వాడు చెడ్డాడు. జుట్టుంది. మొహం ఉండీ లేదు. ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ముందు నీ మీద, తరవాత ఆ ఉన్ని మీద. అప్పుడు మొదటిసారి, నువ్వు పక్కనుంటే బావుండేదనిపించింది, ప్రేమతో కాదు. ఇది నువ్వూ చూడాలని. నేనొక్కదాన్నే చూశాను, అది నాకు నేనే చేసుకున్నాను.

నువ్వు కింద నిలబడి పిలిచింది విన్నాను. తాడు రెండుసార్లు లాగింది కూడా తెలిసింది. వాడిలాగా లాగడానికి నీకెంత ధైర్యం.

బుట్ట మర్నాడు తీశాను. కుట్టు బాగుంది. పని తెలిసినదాన్ని, అబద్ధం చెప్పను. తరవాత కత్తెర మొన పెట్టి వాడి పేరు విప్పేశాను, ఏడు అక్షరాలూ. మచ్చ కూడా మిగల్లేదు. ఇప్పుడది ఉత్త దుప్పటి. చలికి కప్పుకుంటున్నాను.

ఇంకో పద్దెనిమిది నెలలు వాడు ఆ నీళ్ళలో ఉండాలి. ఒక గిన్నెడు పాల కోసం.

ఫిలుమేనా

*

టొరినో,
12 డిసెంబరు 1976

ఫిలుమేనా గారికి,

ఈ మాట మీకు చెప్పకూడదని రెండేళ్ళ క్రితం, మీ ఇంటి మెట్ల మీద, ఒట్టు పెట్టుకున్నాను. వాడి పేరు విప్పేశానని రాశారు చూడండి, అక్కడితో ఆ ఒట్టు తీరింది.

పాలు మన సందులోనే దొరుకుతాయి. మీ గుమ్మం ఎదురుగా. పాల కోసం ఓడరేవు దారిలో ఎవరైనా వెళ్తారా? వాడు పడింది ఓడరేవు దారి రాళ్ళ మీద. రెండేళ్ళలో మీకు ఒక్కసారైనా ఆ అనుమానం రాలేదా?

ఓడరేవు దారిలో దొరికేవి తాళ్ళు. ఓడలకి కట్టేవి, తెగనివి.

ఆ మధ్యాహ్నం భోజనానికి వచ్చి నవ్వుతూ చెప్పాడు. పొద్దున మీ దగ్గరికి వస్తే మీరు నాలుగో అంతస్తు నుంచి సందంతా వినేటట్టు అన్నారట: "నెల్లాళ్ళుగా అడుగుతున్నాను. ఇవాళ బుట్టకి తాడు తేకపోతే నా గుమ్మం తొక్కకు." ఒకసారి గుర్తు తెచ్చుకోండి, అవునో కాదో. నేను వాన తగ్గాక వెళ్ళమన్నాను. కార్మినేకి చెప్పిన మాటే నాకూ చెప్పాడు. దొరసాని హుకుం అయింది అని.

మీరు నాకా పేరు పెట్టారని వాడికి తెలుసు. నేను ఏడిస్తే నవ్వించడానికి, "నువ్వేం దొరసానివి, అసలు దొరసాని నాలుగో అంతస్తులో ఉంది" అన్నాడు. అప్పట్నించీ మా ఇంట్లో ఆ పేరు మీది. మీరు మందు తెమ్మన్నా, దారం తెమ్మన్నా, దొరసాని హుకుం.

తాడు ఆస్పత్రి వాళ్ళు నాకిచ్చారు. మీకు చూపిస్తే మీరు బతకరనుకున్నాను. పాలు అనుకుని నన్ను తిట్టుకుంటే తిట్టుకోనీ, ఆ కోపం మీద బతుకుతారనుకున్నాను. సందులో అందరూ మొహం తిప్పుకున్నా నోరు విప్పలేదు. దయ అంటే అది. మీరు చేసింది కాదు.

తాడు పార్సెల్లో పంపుతున్నాను. మేనా గెంతే ముక్క కూడా అందులోనే పెట్టాను. ఏడ్చింది. ఎందుకమ్మా అంటే, అది మీ నాయనమ్మది, ఆవిడే మీ నాన్నని పంపించి తెప్పించుకుంది అని చెప్పాను.

ఇక రాయకండి. మళ్ళీ సంతకం కావలసి వస్తే కాగితం ఒక్కటే పంపండి.

ఎల్దా

*

నాపోలి,
10 జనవరి 1977

ఎల్దాకి,

రాయొద్దన్నావు, రాస్తున్నాను. చదవకపోయినా దాచు.

ఆ మాట అన్నాను. గుమ్మం తొక్కకు అన్నాను. నువ్వు రాయకముందు రెండేళ్ళలో ఒక్కసారి కూడా గుర్తురాలేదు. రోజుకి పదిసార్లు అనే మాటల్లో అదొకటి. వాడు కింద నించుని, "తెస్తానే తల్లీ, సందంతా లేపకు" అన్నాడు. ఆ ముక్క కూడా ఇప్పుడే గుర్తొచ్చింది. అదే వాడి గొంతు ఆఖరిసారి వినడం. నేను కిటికీ వేసేసుకున్నాను.

కార్మినే దగ్గరికి వెళ్ళాను. "దొరసాని అన్నప్పుడు నువ్వెవరనుకున్నావురా" అని అడిగాను. వాడు గ్లాసు తుడుస్తూ, "ఆ పిల్లే అనుకున్నాను ఫిలుమేనమ్మా. నువ్వే కదా అట్లా పిలిచేదానివి" అన్నాడు. నువ్వే కదా అన్నాడు. ముందు నీళ్ళు పెట్టాడు. కాఫీ తాగి, ఆ తరవాత నీళ్ళు తాగాను. వాడు ఖాళీ గ్లాసు తీసి కడిగాడు.

తితీనాకి కూడా చెప్పాను. సందులో అందరికీ ఆవిడే చెప్తుంది. నీ మీద పడ్డదాన్ని నేను కడగలేను, వాళ్ళే నా మీదికి మళ్ళిస్తారు. అప్పుడే మొదలయింది. మొన్న రొట్టెలవాడు బుట్ట చూసి మొహం తిప్పుకున్నాడు.

దుప్పటికి మచ్చ మిగల్లేదని రాశాను. అబద్ధం. వెలుగుకి పట్టుకుంటే నీ సూది రంధ్రాలన్నీ కనిపిస్తాయి. ఆ రంధ్రాల్లోనే మళ్ళీ కుడుతున్నాను, ఒక్కటి కూడా కొత్తది పొడవకుండా. కళ్ళు ఆనవు, రోజుకి సగం అక్షరం. నాలుగయ్యాయి.

తీసేది మే నెల, 1978లో. నా మాట నమ్మొద్దు. పస్కాలే చేత రాయించి, కింద అతని సంతకం పెట్టించి ఇందులో ఉంచాను. తేదీ ముందుగా నీకే అతను రాస్తాడు, నాకు కాదు, అట్లా ఒప్పించాను. నన్ను రమ్మనాలో వద్దో నువ్వు చెప్పు. ఇప్పుడు ఆ గడి నీదే. దారి నీకు తెలుసు. అదంతా నిజమే రాశాను.

తాడు వచ్చింది. రెండు ముక్కలూ కలిపి ముడేసి కిందికి వదిలాను. సరిగ్గా సందు నేల దాకా వచ్చి, పైన కొక్కేనికి చుట్టడానికి ఒక మూర మిగిలింది. ఎంత పొడుగు కావాలో నేను వాడికి ఎప్పుడూ చెప్పలేదు. ఎప్పుడు కొలిచాడో.

తరవాత ముడి విప్పాను. పిల్ల ముక్క పిల్లకి వెనక్కి పంపుతున్నాను, ఇందులోనే ఉంది. అది నాయనమ్మది కాదు, వాళ్ళ నాన్నదని చెప్పు. ఇంకేం చెప్పినా ఒప్పుకుంటాను.

మిగిలిన దానికే బుట్ట కట్టాను. పొట్టిదయింది. సందులో ఎవరికీ అందదు, రొట్టెలవాడు ఎగిరినా అందదు. రొట్టెకి నేనే నాలుగు అంతస్తులూ దిగుతున్నాను. అయినా రోజూ నాలుగున్నరకి, కొట్లు తెరిచే వేళకి, వదులుతున్నాను. వాడు పొడుగు కదా. వాడైతే చెయ్యెత్తితే అందుతుంది.

దొరసాని,
ఫిలుమేనా